బంతి మధ్యలో ఆకు

"ఎసరు మరిగిపోతోందండీ. బియ్యం ఎన్ని కుంచాలు పొయ్యమంటారు?"

వీరవేణి వంటింటి గడపలో నిలబడి ఈ మాట అడగడం అది మూడోసారి. ఎవరిని అడుగుతోందో ఆవిడకే తెలీదు. కూరలు తరిగే మనిషి బియ్యం కొలవకూడదు కాబట్టి అడుగుతోంది, అంతే. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న గణేష్‌బాబు పెళ్లాం వంక చూశాడు. లోవలక్ష్మి వీధి వంక చూసింది. వీధి అరుగు మీద సంపూర్ణమ్మ గోదావరి కేసి తిరిగి కూర్చుని ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచీ, రాత్రి పడుకోవడానికి తప్ప, ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు.

నరసాపురం రేవులో శ్యామలాంబ భోజన హోటల్ పెట్టి యాభై ఏళ్లయింది. గాలివానలు చూసింది, వరదలు చూసింది. బియ్యం ఎన్ని పొయ్యాలో చెప్పేవాళ్లు లేక ఎసరు ఊరికే మరిగిన రోజు మాత్రం చూడలేదు.

"నువ్వెళ్లి పిలువు" అన్నాడు గణేష్‌బాబు.

"మీ అమ్మగారండీ. అలిగింది మీ మీద."

"నేను పిలిస్తే మొహం తిప్పుకుంటోంది."

"నేను హారతిచ్చి పిలిస్తే లోపలికి వచ్చేస్తారా?"

వీరవేణి నవ్వు కనబడకుండా వంకాయల గంప మీదికి వంగిపోయింది.

"అయినా నేనేం నేరం చేశాను లోవా?" అతని గొంతు తగ్గింది. "ఒక్క ఆకు వేశాను. ఈ హోటల్ నిలబడాలని ఒక్కటంటే ఒక్క ఆకు. అశోక్ సంతకం పెట్టకపోతే ఈ గుండిగలూ బల్లలూ నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతాం? ఆవిడకేం, కట్టుబాటంటుంది. కట్టుబాటు మీద గోడలు నిలబడతాయా?"

అతను చెడ్డవాడు కాడు. భయస్థుడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ రెండింటికీ తేడా లోవలక్ష్మికి బాగా తెలిసొచ్చింది.

ఈ హోటల్లో ఎవరికి తోచినప్పుడు వాళ్లొచ్చి కూర్చోవడం ఉండదు. ఏరు దాటించే పంటు దిగిన జనం రేవు మెట్లెక్కి వచ్చి, అరుగు పక్క బెంచీల మీద ఆగుతారు. గంట కొట్టగానే లోపలికెళ్లి వరసగా కూర్చుంటారు. అందరి ముందూ ఒక్కసారే ఆకులు పడతాయి. ఆ బంతి మజ్జిగతో లేచేదాకా ఇంకో ఆకు పడదు. తాసీల్దారైనా, తట్ట మోసేవాడైనా తర్వాతి బంతికి ఆగవలసిందే. కూరా పులుసూ ఎవరు వడ్డించినా, అన్నం మాత్రం ఇంటి మనిషి చేతి మీదుగానే పడాలి. ఇవి సంపూర్ణమ్మ అత్తగారు శ్యామలాంబ పెట్టిన కట్టుబాట్లు. ఆ రోజుల్లో అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టినందుకు ఆ మహాతల్లి ఎన్ని మాటలు పడిందో లెక్కలేదు. పడింది గానీ వరస మార్చలేదు.

నిన్న ఆ వరస మారింది.

రెండో బంతి పులుసు దాకా వచ్చాక వీధిలో అశోక్ కారు ఆగింది. హోటల్ ఉన్న స్థలం వాళ్లది. అశోక్ తాత తాతాజీగారు దాన్ని యాభై ఏళ్లకి లీజు రాసిచ్చారు. ఈ నెలాఖరుకి ఆ గడువు తీరిపోతుంది. కాగితం తిరగరాయాలంటే ఇప్పుడు అశోక్ సంతకం కావాలి. గణేష్‌బాబు పరుగున ఎదురెళ్లి తీసుకొచ్చి, వరస చివరి ఖాళీలో తన చేత్తోనే ఆకు వేశాడు.

సంపూర్ణమ్మ అన్నం బుట్టతో మారు వడ్డిస్తూ వచ్చి ఆ ఆకు దగ్గర ఆగింది. అశోక్ మొహం చూడలేదు. కొడుకు మొహం చూసింది. బుట్ట కింద పెట్టేసి, పమిట చెంగుతో చేతులు తుడుచుకుని, వీధిలోకి వెళ్లిపోయింది.

"పెద్దావిడకి నా మీద కోపమొచ్చినట్టుందే" అని నవ్వాడు అశోక్. గణేష్‌బాబే వడ్డిస్తే తిన్నాడు. రేపు ఈ ఊళ్లో మళ్లీ పనుంది, వచ్చినప్పుడు కాగితం పట్టుకొస్తానని చెప్పి వెళ్లాడు.

ఇవాళే ఆ రేపు.

లోవలక్ష్మి కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీదికెళ్లింది.

"అత్తయ్యగారూ."

అవతలి ఒడ్డున సఖినేటిపల్లి రేవులో పంటు జనాన్ని ఎక్కించుకుంటోంది.

"కాఫీ చల్లారిపోతుందండి. ఎసరు మరుగుతోంది. కొలత చెప్పి మళ్లీ ఇక్కడే కూర్చోండి, మిమ్మల్నెవరూ ఏమీ అనరు."

"నన్నెందుకడుగుతావు? మీ ఆయన ఉన్నాడుగా. ఆకు వేసినవాడు బియ్యం కొలవలేడా?"

"ఆకు వేసింది నేను కాదు కదండీ."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"వంటింటి గుమ్మంలో."

"చూశావా?"

"చూశానండి."

"ఆపావా?"

లోవలక్ష్మికి ఒళ్లు మండింది. గ్లాసు అరుగు మీద పెట్టింది. పెట్టడంలో సగం కాఫీ ఒలికిపోయింది.

"ఆపడానికి నేనెవర్నండీ? ఇరవై రెండేళ్లయింది ఈ ఇంటికొచ్చి. పప్పు నేనే వండాలి, పులుసు నేనే కాచాలి, ఏడాదికి సరిపడా ఊరగాయ నేనే పెట్టాలి. అన్నం బుట్ట మీద మాత్రం నా చెయ్యి పడకూడదు. తుని నుంచి వచ్చిన మెట్టదాన్ని, అన్నం విలువ నాకేం తెలుస్తుందని నా పెళ్లయిన నెలలోనే మీరన్నారు. మరిచిపోయాననుకున్నారేమో. బుట్ట పట్టడానికి పనికిరాని మనిషి ఆకు ఆపడానికి పనికొస్తుందా?"

అత్తగారితో అంత పొడుగు మాట ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. గల్లాపెట్టె దగ్గర కుర్చీ కిర్రుమంది గానీ గణేష్‌బాబు బయటికి రాలేదు.

సంపూర్ణమ్మ ఏటి మీంచి చూపు తిప్పలేదు.

"అన్నాను" అంది. "మా అత్తగారు నన్నూ అన్నారు. లంకదానివి, పడవెక్కడమే గానీ పది మందికి పెట్టడం నీకేం తెలుసన్నారు. పధ్నాలుగేళ్లు నన్ను బుట్ట ముట్టుకోనివ్వలేదు."

"మరి ఎప్పుడిచ్చారు?"

"ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను."

లోవలక్ష్మి ఒలికిన కాఫీ తుడిచింది. మిగిలిన సగం గ్లాసూ ముసలావిడ ముట్టుకోలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆవిడ ఏమీ తినలేదన్న సంగతి కోడలికి అప్పుడు తట్టింది.

కాసేపటికి పంటు ఏరు దాటి ఈ ఒడ్డుకి దగ్గరపడింది.

గణేష్‌బాబు మెట్ల మీదికొచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. మొహం వికసించింది. "అబ్బో, ఇసకేస్తే రాలేటట్టు లేదు! వీరవేణీ, అయిదు కుంచాలు పొయ్యి! చాలకపోతే ఇంకోటి నానబెట్టు!"

లోవలక్ష్మి కూడా చూసింది. ఆవిడ చూసింది జనం ఎంతమందని కాదు. తెల్ల చీరలు, ఉతికిన తెల్ల చొక్కాలు, చంకలో గుడ్డలో చుట్టిన పుస్తకాలు. మామూలుగా పంటు మీద వినబడే అరుపులు లేవు. చిన్నపిల్లల చేతుల్లో కూడా జంతికముక్క లేదు.

"రెండు కుంచాలు చాలు" అంది.

"రెండా? నీకు మతి ఉందా? పంటు నిండా జనం!"

"జనమేనండి, తినే జనం కాదు. ఇవాళ గుడ్ ఫ్రైడే. మన ఐజాక్ పొద్దున్నే సెలవు పెట్టి చర్చికి వెళ్లలేదూ? వీళ్లూ అక్కడికే. మూడింటిదాకా ప్రార్థనలు. అప్పటిదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. అత్తయ్యగారు ఏటా ఈ రోజు కొలత తగ్గిస్తారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారికి తెలీదులెండి."

ఆ చివరి మాటకి గణేష్‌బాబు చెవులు ఎర్రబడ్డాయి.

"మూడున్నరకి నాలుగు కుంచాలు వండుదాం" అంది ఆవిడే మళ్లీ.

"మూడింటికి హోటల్ కట్టేస్తాం కదా!"

"ఇవాళ కట్టెయ్యం. ప్రతి ఏడూ ఐజాక్ చెబుతూనే ఉంటాడు, చర్చి విడిచిపెట్టేసరికి ఊళ్లో ముద్ద దొరకదు, ఖాళీ కడుపుతో పంటెక్కుతారని. రేవులో హోటల్ పెట్టుకుని మనం ఆ మాట ఎన్నేళ్లు వింటామండీ?"

"మూడున్నరకి బంతేమిటి? మా నాయనమ్మ నాడు లేదు, మా అమ్మ నాడు లేదు..."

"నా నాడు ఉంది" అంది లోవలక్ష్మి. అన్నాక తన మాటకి తనే ఉలిక్కిపడింది.

ఇద్దరూ ఒకేసారి అరుగు వంక చూశారు. సంపూర్ణమ్మ ఔననలేదు. కాదని కూడా అనలేదు.

లోవలక్ష్మి కొంగు బిగించి, బియ్యం గదిలోకెళ్లి, కుంచం చేతిలోకి తీసుకుంది. ఎసట్లో రెండు కుంచాలు పడ్డాయి.

పన్నెండింటి బంతికి గణేష్‌బాబే సణుక్కుంటూ అన్నం వడ్డించాడు. ఇరవై ముగ్గురు తిన్నారు. మారు అడిగినవాళ్లకి మారు పడింది. చివరాఖరికి గుండిగ అడుగున వీరవేణికీ లోవలక్ష్మికీ సరిపడా మిగిలింది. అయిదు కుంచాలు పోసి ఉంటే ఏమయ్యేదో గణేష్‌బాబు పైకి అనలేదు. ఖాళీ గుండిగలోకి తొంగి చూసి, పెళ్లాం వంక చూసి, గల్లాపెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ చూపు చాలు లోవలక్ష్మికి.

మూడు దాటిన పావుగంటకి ఐజాక్ వచ్చాడు. వాడి వెనకాల వాడి పెళ్లాం జ్ఞానమ్మ, ఆవిడ వెనకాల వీధి పొడుగునా తెల్లటి జనం. బెంచీలు చాలక మెట్ల మీద కూడా నిలబడ్డారు.

"అమ్మగారూ, వీరవేణి కబురు పంపింది. నిజంగా పెడతారా అండి?"

"అన్నం వార్చేశాం. నువ్వివాళ సెలవు మనిషివి, వంటింట్లోకి రాకు. వాళ్లతోపాటే కూర్చో."

ఐజాక్ ఆ హోటల్లో పదిహేనేళ్లుగా గంజి వారుస్తున్నాడు. ఆ బల్ల ముందు మాత్రం ఏనాడూ కూర్చోలేదు. ఏం చెయ్యాలో తెలియక పెళ్లాం వంక చూశాడు. జ్ఞానమ్మ వాడి భుజం పట్టుకుని లోపలికి నడిపించింది.

గంట మోగింది. జనం వరసలు కట్టి కూర్చుంటున్నారు. వంటింటి గుమ్మంలో గణేష్‌బాబు అన్నం బుట్ట ఎత్తుకోబోయాడు.

"ఇటివ్వండి" అంది లోవలక్ష్మి.

"బరువు..."

"నేను మోస్తాను. ఇటివ్వండి."

అతను ఒక క్షణం పట్టుకునే ఉన్నాడు. తర్వాత వదిలేశాడు. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. ఇరవై రెండేళ్లు దూరంగా చూసిన బుట్ట ఇంత బరువుంటుందని ఆవిడ అనుకోలేదు. బుట్ట నడుముకి ఆనించుకుంది.

హాల్లోకి అడుగుపెట్టి ఆగిపోయింది.

అయిదో ఆకు ముందు, జ్ఞానమ్మ పక్కన, సంపూర్ణమ్మ కూర్చుని ఉంది. గంట వినగానే అందరితోపాటూ లేచొచ్చి, అందరితోపాటూ కూర్చుంది. ఆకు మీద నీళ్లు చల్లి తుడుచుకుంటోంది.

"పెద్దమ్మగారూ, మీరు ఇట్టా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదండి" అంటోంది జ్ఞానమ్మ.

"నేనెప్పుడూ కూర్చోలేదు. నలభయ్యేళ్లు పైన నిలబడే ఉన్నాను. ఇవాళ ఆకలేస్తోంది."

జనం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. అన్నం చల్లారిపోతుందని వీరవేణి కంగారుపడింది గానీ, లోవలక్ష్మి బుట్ట పట్టుకుని అలాగే నిలబడింది. చివరి మనిషి కళ్లు తెరిచాక మొదటి ఆకు దగ్గరికి వెళ్లింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదో ఆకు దగ్గర అత్తగారు తలెత్తలేదు. కోడలి మొహం కాదు, చేతినే చూసింది. అన్నం ఆకు మీద మెతుకు చెదరకుండా పడింది. ముసలావిడ ఇక చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. మామిడికాయ పప్పు కోసం పక్కకి చూసింది. లోవలక్ష్మి కళ్లు చెమర్చాయి. ఆవిరనుకోమని తనకి తనే చెప్పుకుని ముందుకి కదిలింది.

పన్నెండో ఆకు దగ్గరుండగా వీధిలో కారు ఆగింది.

"ఇవాళ కూడా భోజనం టైముకే దిగానండోయ్!" అశోక్ నవ్వుతూ లోపలికొచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో మడతపెట్టిన స్టాంపు కాగితం. "గణేష్‌బాబుగారూ, అన్నీ రాయించి తెచ్చానండి. నాలుగు ముద్దలు తిని, సంతకం పెట్టేసి వెళ్తాను. అయిదింటికి భీమవరంలో ఉండాలి, కొంచెం త్వరగా కానిద్దాం."

గణేష్‌బాబు అప్పటికే కుర్చీలోంచి లేచాడు. మొహంలో వెలుగు. గోడవార దొంతిలోంచి ఆకు తీసి, వరస చివర ఖాళీ ఉన్న చోట పరిచాడు.

"ఏమండీ" అంది లోవలక్ష్మి. "ఆ ఆకు తియ్యండి."

అంతమందిలో మొగుడికి ఒక పని చెప్పడం ఆవిడ జన్మలో అదే మొదలు. ఆవిడ బుట్ట దించకుండానే అశోక్ వైపు తిరిగింది.

"బాబుగారూ, ఈ బంతి లేవగానే మీకోసం ఇంకో బంతి వేస్తానండి. ఒక్క అరగంట. బయట బెంచీ మీద కూర్చోండి, చల్లటి మజ్జిగ పంపిస్తాను."

అశోక్ నవ్వు పూర్తిగా పోలేదు. "నిన్న కూర్చోబెట్టారుగా అండి?"

"నిన్న పొరపాటు చేశామండి. చూస్తూ నేనూ ఊరుకున్నాను."

"నేనెవరో మీకు తెలుసనుకుంటాను."

"తెలుసండి. స్థలం మీది. బంతి వీళ్లది. నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ల మీద ఉన్నారు."

ఐజాక్ సగం లేచాడు. "బాబుగారూ, నా ఆకు ముందుకి రండి, నేను తర్వాత..."

"కూర్చో ఐజాక్. అన్నం ముందు నుంచి లేవకూడదు."

వాడు కూర్చున్నాడు. అశోక్ ఆ వరస పొడుగునా చూశాడు. ఆగిపోయిన చేతులు, తెల్ల బట్టలు, మధ్యలో తల వంచుకుని పప్పు కలుపుకుంటున్న సంపూర్ణమ్మ. కాగితం ఇంకో మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా కూడా మాట్లాడలేదు.

"మంచిదండి. ఈ స్థలం కావాలని అడుగుతున్నవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లు నన్ను బెంచీ మీద కూర్చోమనరు. నేను వాళ్లతో మాట్లాడుకుంటాను."

కారు వెళ్లిపోయిన చప్పుడు రేవు మలుపు దాకా వినబడింది.

గణేష్‌బాబు వేసిన ఆకు మళ్లీ చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. "అమ్మా" అన్నాడు. "నువ్వైనా ఒక్క మాట చెప్పకూడదా? పోయింది కదే అంతా!"

సంపూర్ణమ్మ ముద్ద మింగింది. మంచినీళ్లు తాగింది.

"నేను తినడానికొచ్చాను నాయనా. బంతి నడుస్తున్నప్పుడు అన్నం పట్టుకున్న మనిషిదే మాట. అది మా అత్తగారు చెప్పారు, నేను చెప్పాను, ఇవాళ మీ ఆవిడ చెప్పింది. వినబడలేదా?"

గణేష్‌బాబు ఆకు దొంతి మీద పెట్టేసి, మంచినీళ్ల కూజా ఎత్తుకుని, వరస మొదట్నుంచి గ్లాసులు నింపడం మొదలుపెట్టాడు. నీళ్లు బల్ల మీద కూడా పడుతున్నాయి.

నెలాఖరుకి ఇరవై రోజులుంది. హోటల్ చేతికొచ్చిన రోజే దాని కింద నేల పోయిందేమో. లోవలక్ష్మికి నిజంగా భయం వేసింది. అయినా ఆ క్షణంలో ఎవరైనా వచ్చి, ఆ మాట వెనక్కి తీసుకుంటావా అని అడిగితే తీసుకోనని తెలుసు. అంత గర్వం తనలో ఉందని ఆవిడకి అప్పటిదాకా తెలీదు.

పదమూడో ఆకు ముందు బక్కపల్చటి ముసలాయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఓపిగ్గా చూస్తున్నాడు.

"ఆలస్యమైందండి, ఏమీ అనుకోకండి" అని, లోవలక్ష్మి వంగి అన్నం వడ్డించింది.